నీళ్ల తాత, ఒడ్డు మీది మనవలు

ఒక కథ చదివి రెండేండ్లయింది. ఇప్పటికీ అరగలేదు. ఆ కథ మన వాడల గురించి రాసింది కాదు, మన దేశం గురించి రాసింది కూడా కాదు. ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో 1965లో అచ్చేసిన 'కాస్మికోమిక్స్' అనే కథల పుస్తకంలోది. విలియం వీవర్ 1968లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మేం చదివింది ఆ ఇంగ్లీషులోనే. కథ పేరు 'ది ఆక్వాటిక్ అంకుల్'. మేం దాన్ని 'నీళ్ల తాత' అంటున్నాం. అంకుల్ తాత ఎట్లయిండని అడగొద్దు. కథలో ఆయన అవ్వ తరఫు చుట్టం, అవ్వ తరం మనిషి. మన వరసల్లో అట్లాంటి మనిషి తాతే అవుతాడు.

చేపలు ఒడ్డెక్కి కాళ్లు మొలిపించుకున్న కాలంలో ఒక కుటుంబంలో జరిగిన గొడవ ఈ కథ. తమాషాగా రాసింది. మేమూ నవ్వాం. నవ్వినంక చాలాసేపు సప్పుడు లేకుండా కూర్చున్నాం. ఎందుకట్లా కూర్చున్నామో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

రాస్తున్న మేం ఇద్దరం. అన్నదమ్ముల పిల్లలం. పుట్టింది నక్కవాగు ఒడ్డున ఒక ఊరి మాదిగవాడలో. ఒకరం సంగారెడ్డిలో జూనియర్ కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్తాం. ఇంకొకరం పటాన్‌చెరు పక్కన మందులు తయారుచేసే కంపెనీలో పదిహేడేండ్లు కాంట్రాక్టు మీద డ్రమ్ములు దొర్లించి, ఇప్పుడు కార్మిక సంఘం పని చూస్తున్నాం. ఒకరం కథ చదివి చెప్తే రెండోవారం అడ్డం తిరిగి ప్రశ్నలేశాం. ఆ కొట్లాటలోంచి వచ్చిందే ఇది. అక్కడక్కడ మాట తేడాగా వినిపిస్తే అది రెండు గొంతుల తేడా అనుకోవాలి.

ముందు కథ చెప్తాం. చెప్పేవాడి పేరు అచ్చుల్లేని హల్లుల ముద్ద: 'క్ఫ్వ్‌ఫ్క్'. నోరు తిరగదు. బడి రిజిస్టర్‌లో మా నాయినల పేర్లు చదవాల్సి వచ్చినప్పుడు సార్లు నోరు తిరగనట్టు నటించి నవ్వేవాళ్లు. వీడి పేరు చదువుతుంటే అదే యాదికొచ్చింది. వీణ్ని 'కథకుడు' అంటే చాలు. వీడి కుటుంబం నీళ్లు వదిలి ఒడ్డెక్కి ఎంతో కాలం కాలేదు. ఒడ్డు మీద బతకడం నేర్చుకుంటున్నారు, ఒడ్డు మీది పద్ధతులు పట్టుకుంటున్నారు. ఒక్క ముసలాయన మాత్రం రానంటాడు. న్‌బా న్‌గా అనే ఆ తాత లోతు లేని బురదనీళ్లలో చేపగానే ఉండిపోతాడు. చుట్టాలు నీళ్ల అంచు దాకా పోయి ఆయనకు మర్యాద చేసి వస్తుంటారు. ఒడ్డు మీది బతుకంటే ఆయనకు లెక్కలేదు.

కథకుడు ల్‌ల్‌ల్ అనే పిల్లను ప్రేమిస్తాడు. ఆ పిల్ల వాళ్లు ఎన్నో తరాల కిందటే ఒడ్డెక్కినవాళ్లు. ఒడ్డు బతుకు వాళ్లకు పుట్టుకతో వచ్చింది. ఆ పిల్ల ముందు నీళ్లల్లో ఒక తాత ఉన్నాడని చెప్పుకోవడానికి వీడికి సిగ్గు. కానీ తీసుకుపోక తప్పదు. తీసుకుపోతే ఏమైతది? ఆ పిల్లకు తాత నచ్చుతాడు. తాత మాట నచ్చుతుంది, తాత నీళ్లు నచ్చుతాయి. ఒడ్డు నిలకడ లేనిది, నీళ్లే నిలిచేవి అని తాత చేసే వాదం కూడా నచ్చుతుంది. చివరకు కథకుణ్ని ఒడ్డు మీద వదిలేసి నీళ్లలోకి దిగిపోతుంది. చేప అయిపోతుంది. కథకుడు మాత్రం మారుతూ మారుతూ లోకంలో నడుస్తూ ఉంటాడు. దారిలో మొసళ్లూ డైనోసార్లూ ఎదురవుతాయి. తనకంటే వాటికి ఏదో ఒక నిండుదనం ఉందని వీడికి అనిపిస్తుంది. అయినా తన బతుకును వాటితో మార్చుకోనంటాడు. ఇంతే కథ.

ఇప్పుడు మా మాట. మా తాతకు ఒక తమ్ముడుండె. మాకు చిన్నతాత. ఊరు మొత్తంలో తోలు పని తెలిసిన ఆఖరి మనిషి. వాడ చివర వాగు దిక్కు ఆయన లంద ఉండేది. సున్నం నీళ్లలో తోలు నానబెట్టి వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క నీళ్లలో వేసి ఊనడం ఆయన పని. చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు ఆయన చేతిలోంచి వచ్చేవి. మోకాళ్ల దాకా నీళ్లల్లోనే ఆయన బతుకు గడిచింది. చేతుల చర్మం చెక్కరంగు ఎక్కింది. పని లేని పొద్దున వాగులో కొర్రమట్టలు పట్టేవాడు. మా నాయినలిద్దరూ ఫ్యాక్టరీల్లో కూలికి ఎక్కి రామచంద్రాపురంలో అద్దె గదుల్లోకి మారినప్పుడు, ఆయన్నీ రమ్మన్నారు. "నేనాడ ఏం జేస్త? ఆడ నా నీళ్లెక్కడున్నయి?" అన్నాడు. రాలేదు.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకసారి వచ్చాడు. భుజం మీద మూట. మూటలో మాకోసం కుట్టిన రెండు జతల చెప్పులు, ఎండు చేపలు. అప్పుడు గది ముందర మా క్లాసు పిల్లగాడొకడు నిలబడి మాట్లాడుతున్నాడు. ఫ్యాక్టరీలో మంచి ఉద్యోగం చేసే ఇంటి పిల్లగాడు. ఈయనెవర్రా అని అడిగాడు. మా ఇద్దరిలో ఒకరం అన్నాం: "మా ఊరాయన. మా పొలంల పని చేస్తడు." రెండోవారం కాదనలేదు. మాకు గుంటెడు పొలం లేదు. ఆ మాట చిన్నతాత విన్నాడు. మా మొకం చూడలేదు. ఆ పిల్లగాడి దిక్కు తిరిగి, "అవు పటేలా, ఈళ్ల పొలంల్నే చేస్త" అన్నాడు. మూట గడప దగ్గర పెట్టి, నీళ్లు కూడా తాగకుండా సాయంత్రం బస్సెక్కి పోయాడు. మళ్లీ మా గదికి ఎన్నడూ రాలేదు.

అన్నది ఎవరం, ఊకున్నది ఎవరం అన్నది ఇక్కడ రాయడం లేదు. రెండూ ఒకటే పని అని ఇన్నేండ్లకు ఒప్పుకున్నాం. కాల్వినో కథ చదివి సప్పుడు లేకుండా కూర్చున్నది ఇందుకు.

మన సాహిత్యంలో అవమానం గురించి చాలా రాసుకున్నాం. కారంచేడు 1985, చుండూరు 1991. ఆ నెత్తురు తర్వాత తెలుగులో దళిత కవిత్వం, కథ, విమర్శ లేచి నిలబడ్డాయి. ఊరు వాడను ఎట్లా అవమానించిందో లెక్క తేల్చి అడిగాయి. అది అడగాల్సిందే, ఇంకా అడగాలి. కానీ ఆ అవమానం మన లోపలికి దిగి, మన చేత మనవాళ్లను అవమానం చేయించిన సంగతి మీద మనం తక్కువ రాశాం. రాస్తే శత్రువుకు పనికొస్తుందని భయం. ఆ భయం అర్థమయ్యేదే. అయినా రాయకపోతే ఆ పుండు లోపలే సలుపుతుంది. పట్నంలో అద్దెకు ఇల్లు దొరకడానికి కులం దాచుకునే ఉద్యోగి, ఊరి నుంచి వచ్చిన అమ్మను దోస్తుల ముందుకు రానియ్యని విద్యార్థి, వాడ పేరు చెప్పకుండా మండలం పేరు చెప్పి తప్పించుకునే టీచరు. వీళ్లంతా కథకుని అన్నదమ్ములే. కాల్వినోకు మన కులం తెలియదు. కానీ కొత్తగా ఒడ్డెక్కినవాడికి మాత్రమే ఉండే సిగ్గు ఆయనకు బాగా తెలిసింది. ల్‌ల్‌ల్‌కు ఆ సిగ్గు లేదు. ఎందుకుంటది? వాళ్లు నీళ్లు మరచిపోయి తరాలైంది. తాతను చూసి ముచ్చటపడే తీరిక ఆ పిల్లకుంది. కథకునికి లేదు. వాడి కాళ్లకు తడి ఇంకా ఆరలేదు. తమాషా కథలో ఇంత నిజం పెట్టినందుకు ఆ రచయితకు దండం పెట్టాలి.

ఇంత వరకు మా ఇద్దరికీ పేచీ లేదు. ఇక్కడి నుంచి ఉంది.

పేచీ ల్‌ల్‌ల్ గురించి. యూనియన్ పని చూసే మా వాడి వాదం ఇది: "ఈ పిల్ల మనకు కొత్త కాదు. మన డప్పు సప్పుడు విని తన్మయం చెందేవాళ్లు, చిందు భాగవతం స్టేజీ మీద చూసి చప్పట్లు కొట్టేవాళ్లు, మన కూర రుచి గురించి పత్రికల్లో రాసేవాళ్లు, అందరూ ల్‌ల్‌ల్‌లే. డప్పు కొట్టేవాడు తోలు ఎక్కడ నానబెట్టాడో, ఆ వాసన ఎవడు మోశాడో వాళ్లకు పట్టదు." పాఠాలు చెప్పే మా వాడి జవాబు: "అట్లాంటివాళ్లు పొద్దంతా నీళ్లు చూసి మాపటికి ఇంటికి పోతారు. ఈ పిల్ల పోలేదు. నీళ్లలోకి దిగింది, తిరిగి రాలేదు, ఒళ్లే మార్చుకుంది. మర్యాద కోసం వచ్చినదానికీ మనువు కోసం వచ్చినదానికీ తేడా ఉంది." ఈ పేచీ ఇంకా తెగలేదు. తెగకపోవడమే మంచిదనుకుంటున్నాం. మన దగ్గరకు వచ్చే ఏ పైకులం మిత్రుడికైనా పెట్టాల్సిన పరీక్ష ఇదే: సాయంత్రానికి ఏ ఒడ్డుకు పోతున్నావు? కులాంతర వివాహం గురించి 1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ అంత నొక్కి చెప్పింది ఊరికే కాదు. ముచ్చటకూ చుట్టరికానికీ మధ్య దూరం ఆయనకు తెలుసు.

ఇప్పుడు కథలో అసలు ముడి దగ్గరకు వద్దాం. కథకుని సిగ్గుకు మూలం ఏంది? తాత వెనుకబడ్డాడు, మేం ముందుకు పోయాం అన్న నమ్మకం. అంటే జీవుల పరిణామం ఒక నిచ్చెన, కింది మెట్టు మీద చేప, పై మెట్టు మీద మనం. మా పిల్లలు కూడా పరీక్షలో ఇట్లాగే రాస్తారు. వంగి నడిచే కోతి మెల్లగా నిటారుగా లేచి మనిషి అయ్యే ఆ వరుస బొమ్మ అందరి బుర్రల్లో ఉంది. కానీ డార్విన్ 1837లో తన నోటుబుక్కులో గీసుకున్నది నిచ్చెన కాదు, చెట్టు. కొమ్మలు చీలుతూ పోయే చెట్టు. ఆ చెట్టు చివర్లలో ఇవాళ బతికున్న ప్రతి జీవీ, చేపైనా మనిషైనా, ఒకే మొదలు నుంచి ఒకే అంత కాలం నడిచి వచ్చింది. ఎవరూ ఎవరికంటే వెనుక లేరు.

కథలో తాత సీలకాంత్ జాతి చేప. ఆ జాతి ఎప్పుడో డైనోసార్లతోపాటు అంతరించిందని శాస్త్రవేత్తలు అనుకుంటుండగా 1938లో దక్షిణాఫ్రికా తీరంలో బతికున్న చేప వలకు చిక్కింది. పత్రికలు దాన్ని 'బతికున్న శిలాజం' అన్నాయి. అది మారకుండా ఆగిపోయిందని ఆ పేరుకు అర్థం. నిజానికి అదీ మారుతూనే వచ్చింది, తన దారిలో. అది మనకు పూర్వీకుడు కాదు, దాయాది. మనకూ దానికీ ఒకే ముత్తాత. మాకు ఈ ముక్క శాస్త్రం కంటే ఎక్కువగా తాకింది. చిన్నతాత మా పాత రూపం అని మేం అనుకున్నాం. మా వెనుక మెట్టు అనుకున్నాం. ఆయన మాకు వెనుక లేడు, పక్కన ఉన్నాడు. మా కాలంలోనే, తన పనిలో, తన తెలివితో. తోలు ఎన్ని రోజులు నానాలో, ఏ కాలంలో తంగేడు చెక్క కొట్టాలో ఆయనకు తెలిసినది మాకు ఈనాటికీ తెలియదు.

నిచ్చెన ఎక్కడిదో మనకు బాగా తెలుసు. నిచ్చెనమెట్ల అసమానత అని అంబేద్కర్ పేరు పెట్టిన సంగతి అదే. ప్రతివాడికీ కింద ఒకడుండాలి, పైన ఒకడుండాలి. ఆ నిచ్చెనను మనుషుల నుంచి తీసి ప్రకృతికి ఆనించి, ఇది ప్రకృతి ధర్మమే అని చెప్పడం పాత విద్య. కులం వల్ల రక్తశుద్ధి నిలిచిందని, అది శాస్త్రసమ్మతమని వాదించినవాళ్లకు అంబేద్కర్ 'కుల నిర్మూలన'లోనే జవాబు చెప్పాడు. కులం జాతుల విభజన కాదు, ఒకే జాతి జనంలో సామాజిక విభజన అని తేల్చాడు. అయినా ఆ వాదం చావలేదు, వేషం మార్చింది. దశావతారాలే డార్విన్ సిద్ధాంతం అనే మాట మన పిల్లలు ఇప్పటికీ వింటున్నారు. మొదట చేప, తర్వాత తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి, గొడ్డలి పట్టిన మనిషి. చూశారా మనవాళ్లకు ముందే తెలుసు అంటారు. ఆ వరుసను మేం ఇంకోవిధంగా చదువుతాం. చేపతో మొదలైన ఆ నిచ్చెన పొట్టి బ్రాహ్మడి దగ్గరకు వచ్చేసరికి ఏమయింది? ఆయన కాలు బలి చక్రవర్తి నెత్తి మీద పడింది. నిచ్చెన ఉన్నదే అందుకు.

ఈ చదువు మేం కనిపెట్టింది కాదు. జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరీ'లో ఈ పని చేశాడు. డార్విన్ పుస్తకం వచ్చిన 1859 నుంచి లెక్కిస్తే పద్నాలుగేండ్లకే. బ్రహ్మ ముఖం నుంచి మనుషులు పుట్టారంటే ఆ కాన్పు ఎట్లా జరిగిందో చెప్పమని అడిగాడు. చేప కడుపున మనిషి పుట్టాడంటే చేప గుడ్లు పెడుతుంది గదా, ఆ సంగతేందని అడిగాడు. మత్స్యుడు మొదలుకొని పరశురాముడి దాకా అవతారాలను దండెత్తి వచ్చిన మూకల నాయకులుగా చదివాడు. పుట్టుక మీద, వంశం మీద నవ్వడం మన దగ్గర కొత్త కాదు. ఇంకా దగ్గరకు వస్తే మన చిందోళ్లు ఆడే జాంబపురాణం ఉంది. జాంబవంతుడు భూమి కంటే ముందే పుట్టినవాడని, అందరికీ తాత అని అది చెప్తుంది. బ్రాహ్మడితో వాదం పెట్టుకొని అతణ్ని ముప్పతిప్పలు పెడుతుంది. మాదిగవాడల్లో రాత్రంతా నవ్వులు. ఆ నవ్వులో తాత కింది మెట్టు మీద లేడు, అందరికంటే పెద్ద. కాల్వినో నవ్వుకూ జాంబపురాణం నవ్వుకూ తేడా ఇక్కడుంది. కాల్వినో తాత మొండివాడు, ముచ్చటైనవాడు. మన తాత హక్కుదారు. పుట్టుక కథ చెప్పుకొని వాటా అడుగుతున్నాడు.

ఇక మా అసలు అభ్యంతరం. కథలో నీళ్లు మంచిగున్నాయి. బురదగా ఉన్నా బతకడానికి పనికొచ్చే నీళ్లు. అందుకే తాత ఉంటానంటే ఉండగలిగాడు, ల్‌ల్‌ల్ పోతానంటే పోగలిగింది. ఒడ్డా నీళ్లా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఇష్టాల మధ్య తగువులాగా కథ నడుస్తుంది. మా దగ్గర అట్లా జరగలేదు.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో వచ్చింది. 1970ల మధ్య నుంచి చుట్టూ పారిశ్రామికవాడలు లేచాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. మందులకు కావలసిన మూల రసాయనాలు చేసే కంపెనీలు వరుస కట్టాయి. వాడిన నీళ్లు చెరువులకు, ఇసుకవాగుకు, నక్కవాగుకు వదిలారు. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర గోదావరిలో కలుస్తుంది. చెరువుల కింద వరి ఎండింది. చేపలు తేలాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు ఊరూరా తిరిగి ఈ సంగతి లోకానికి చెప్పాడు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 1994లో కంపెనీల వ్యర్థాలన్నిటినీ ఒకచోట శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు మొదలైంది. అటు తర్వాత ఆ నీళ్లను పైపులైను వేసి హైదరాబాద్ అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. అక్కడి నుంచి మూసీ. అంటే మన వాగు బాధ నల్లగొండ దిక్కు కదిలింది.

చిన్నతాత ఈ కేసుల సంగతి ఎరగడు. ఆయన నీళ్లు చేతిలోకి తీసుకొని వాసన చూసేవాడు. ఒక ఎండాకాలం సెలవుల్లో మేం ఊరికి పోతే లంద ఎండిపోయి ఉంది. ఎందుకని అడిగాం. "ఈ నీళ్లు తోలు సుత తాగుతలేదు బిడ్డా" అన్నాడు. అంతకంటే చెప్పలేదు. కొర్రమట్ట మొప్పలతోనే కాక గాలి పీల్చి కూడా బతికే చేప. నీళ్లు తగ్గినా బురదలో ఓపిక పట్టే చేప. తెలంగాణ వచ్చినంక 2016లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించారు. అంత మొండి చేప మా వాగులో కానరాకుండా పోయింది. మా నీళ్ల తాత నీళ్లు వదల్లేదు. నీళ్లనే ఆయన కింది నుంచి గుంజేశారు. ఆఖరి రోజుల్లో ఆయన బతుకు రోడ్డు పక్క గుడిసె హోటల్ ముందర చెప్పులు కుట్టుడు. రబ్బరు చెప్పులు.

మాలో ఒకరం డ్రమ్ములు దొర్లించింది అట్లాంటి నీళ్లు వదిలే కంపెనీల్లో ఒకదానిలోనే. ఇది కూడా రాయాలి. ఒడ్డెక్కిన మనవని కూలి డబ్బులు ఎక్కడి నుంచి వచ్చాయి? తాత నీళ్లు చెడగొట్టిన పని నుంచి. మేం కావాలని చేసింది కాదు. మాకు ఇంకో పని ఎవడూ ఇయ్యలేదు. కానీ కథకునికి లేని చిక్కు ఇది. వాడు తాతను చూసి సిగ్గుపడ్డాడంతే. మేం సిగ్గుపడుతూ తాత నీళ్లలో మా చెమట కూడా కలిపాం. ఇప్పుడు ఆ డ్రమ్ముల దగ్గర బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పిల్లలున్నారు. వాళ్లూ తమ తమ నీళ్లు విడిచి వచ్చినవాళ్లే. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది అట్లాంటి వలస కార్మికులు. ఒడ్డు అంటే ఇదీ.

పరిణామం మీద మా దగ్గర ఇంకో కథ నడుస్తోంది, తమాషా లేని కథ. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి ఫలితాలు అచ్చేసింది. ఆ ప్లాంటుకు సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థం వచ్చేది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఒక లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అట్లాంటి నీళ్లలో మందుకు లొంగే సూక్ష్మజీవులు చస్తాయి, లొంగనివి మిగులుతాయి, పెరుగుతాయి. డార్విన్ చెప్పింది కండ్ల ముందర జరుగుతున్నట్టే. ఆ తర్వాత పరిశోధనల్లో ఎన్నో రకాల మందులకు లొంగని సూక్ష్మజీవులు అక్కడ దొరికాయి. ఇవి మందును తట్టుకునే గుణాన్ని తల్లి కణం నుంచి పిల్ల కణానికే కాదు, పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవికి కూడా అందిస్తాయి. వంశం, రక్తం, గోత్రం వాటికి అక్కర్లేదు. మనిషి లోకంలో కులం చేసిన కంచెలు చూసి ఈ సంగతి చదివితే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు నిలవదు. ఆ లొంగని జబ్బు వచ్చినప్పుడు ఖరీదైన మందు కొనలేనివాడు ఎవడు? వాగు ఒడ్డు వాడలోనివాడే గదా.

కాబట్టి కాల్వినో కథకు మా విమర్శ ఇది. సిగ్గును ఆయన బాగా పట్టుకున్నాడు. నిచ్చెన తప్పని కూడా చివర్లో సగం చెప్పాడు. మొసలిని చూసి దానిలో తనకు లేని నిండుదనం చూసినప్పుడు కథకునికి ఆ సగం తెలిసింది. కానీ ఎవరు ఎక్కడ బతకాలన్నది ఇష్టం మీద ఆధారపడినట్టు చూపించాడు. నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి, ఒడ్డు ఎవరి పేరున ఉంది అని అడగలేదు. తమాషా కథను ఇంత అడగొచ్చా అంటే అడగొచ్చు. మంచి కథ కాబట్టే అడుగుతున్నాం. పనికిరాని కథ అయితే మా సిగ్గు బయటపెట్టుకునేవాళ్లమే కాదు.

చదివే టీచర్లకు ఒక మాట. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామం పాఠం లేకుండా పోయింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాసి అభ్యంతరం చెప్పారు. పై తరగతుల్లో ఉంది గదా అన్నారు. మన పిల్లల్లో పదో తరగతితో చదువు ఆగిపోయేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. పుట్టుకతోనే ఎక్కువ తక్కువలు ఉంటాయని ఇంట్లో, గుడిలో, బజారులో వినే పిల్లకు, అందరికీ ముత్తాత ఒక్కడే అని చెప్పే పాఠం అది ఒక్కటే. దాన్ని మనం చెప్పాలి. పుస్తకంలో లేకపోయినా చెప్పాలి.

మా కాలేజీలో ఒకరోజు ఈ కథను తెలుగులో నోటితో చెప్పాం. చెప్పి, మీ ఇంట్లో నీళ్ల తాత ఎవరో రాయమన్నాం. పిల్లలు చాలాసేపు ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు. తర్వాత రాశారు. గౌండ్ల తాత, కురుమ తాత, చిందు ఆడే మేనత్త, ఇంకా ఊర్లోనే డప్పు కొట్టే పెదనాయిన. ఒక పిల్ల మాత్రం కాగితం ఖాళీగా ఇచ్చింది. అడిగితే, "సార్, మా తాత గురించి రాస్తే మీరు పైకి చదువుతరని రాయలే" అంది. ఆ పిల్లను ఏమీ అనలేదు. మా ఇద్దరికీ మాటలేమున్నాయి అనడానికి? ఆ పూట ఆ చెప్పుల జత గురించి చెప్పాం. ఆ సాయంత్రం బస్సు గురించి కూడా. ఆ పిల్ల విన్నది. ఇంకా రాయలేదు. రాస్తుందని చూస్తున్నాం.